నలుపు దాస్తదంట

ఫోటోషాప్ నేర్పేవాళ్లు మాస్కు దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట కంఠతా పట్టమంటారు. తెలుపు చూపిస్తది, నలుపు దాస్తది. నరసరావుపేటలో నాకు పని నేర్పినాయన కూడా ఇదే చెప్పాడు. ఆయన మామూలుగానే చెప్పాడు. నేనే మామూలుగా వినలేకపోయాను. మాదిగ గూడెంలో పుట్టినోడికి ఈ సూత్రం చెప్పటానికి కంప్యూటరు కావాలా? తెల్లటోళ్లని ముందుకి తోసి నల్లటోళ్లని వెనక్కి నెట్టటం మా ఊళ్లో పుట్టినకాడ్నించీ చూస్తానే వున్నాను. కాకపోతే ఒక్క తేడా వుంది. ఊళ్లో నలుపుని దాస్తారు. కంప్యూటర్లో నలుపే దాస్తది. అంటే అక్కడ నలుపు చేతిలో ఒక పని వుంది, ఆ పనిలో అధికారం వుంది. దాని విలువేందో పని చెయ్యంగా చెయ్యంగా తెలిసొచ్చింది. ఆ పని గురించే రాస్తన్నాను.

మాది గురజాల దిక్కు ఒక పల్లెటూరు. నాపరాళ్ల నేల. 1967లో సాగరు నీళ్లు కాలవలకి వొదిలాక చేలు మెల్లగా పత్తికీ మిరపకీ తిరిగినయ్యి. భూములున్నోళ్లకి నీళ్లొచ్చినయ్యి. భూముల్లేని మా గూడేనికి కూలి వొచ్చింది. మా అమ్మ మిరపకోతలకి పోయేది. మా నాయన ఒక కామందు దగ్గర పాలేరు. ఆ కామందు ఇంట్లో గోడ నిండా ఫోటోలు. తాతలు, ముత్తాతలు, పెళ్లిళ్లు, పట్నంలో చదువుకునే పిల్లలు. బండలాగుడు పందెంలో గెలిచిన ఎద్దుల జతకి కూడా ఒక ఫోటో వుంది, పూలదండలతో సహా. ఆ ఎద్దుల్ని మేపింది, కడిగింది, పందేనికి తయారు చేసింది మా నాయన. ఫోటోలో ఎడం పక్కన పలుపుతాడు పట్టుకున్న చెయ్యి ఒకటి పడింది. మోచెయ్యి దాకానే. మిగతా మనిషి ఫోటోలో లేడు. ఆ చెయ్యి మీ నాయనదేరా అని మా అమ్మ చెప్పేది. ముంజేతి మీద కొడవలి గాటు చూసి గుర్తుపట్టిందంట.

మా ఇంట్లో మాత్రం ఫోటో అనేది లేదు. ఎన్నికల సంఘం 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. అవి మా గూడేనికి చేరినాక మొదటిసారి మా నాయన మొకం కాయితం మీద పడింది. తలగుడ్డ తీసెయ్యమన్నారంట. ఎప్పుడూ తీయని మనిషి తీసేసరికి, ఎవరో తిట్టబోతన్నట్టు చూస్తన్నాడు అందులో. ఆయన పోయినాక ఆ తపాలా బిళ్లంత బొమ్మనే పెద్దది చేయించి గోడకి పెట్టుకున్నాం. ఓటు వుండబట్టి మా నాయనకి మొకం మిగిలింది.

నేను 2001లో నరసరావుపేటలో ఒక స్టూడియోలో చేరాను. ఇంటరు పూర్తయింది, పై చదువుకి డబ్బుల్లేవు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, శివరాత్రికి కోటప్పకొండ తిరణాల, ప్రభల ఫోటోలు. పని బాగా వుండేది. అప్పటికింకా రీళ్లు నడుస్తన్నయ్యి గానీ, స్కానరూ కంప్యూటరూ వొచ్చేసినయ్యి. మొదట కాయితాలు కోయటం, ఆల్బమ్ అంటించటం. తర్వాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అన్నయ్యా తమ్ముడూ ఇద్దరు అమెరికావాళ్లు, థామస్ నోల్, జాన్ నోల్ అనేవాళ్లు ఈ ఫోటోషాప్ తయారుచేశారని, 1990లో బజారుకొచ్చిందని తర్వాత చదువుకున్నాను. 1994లో వొచ్చిన మూడో వెర్షన్‌లో లేయర్లు పెట్టారు. లేయరంటే పొర. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కో పలక మీద ఒక్కో బొమ్మ వుంచి, పైనుంచి చూసినట్టు. పై పలక మీద బొమ్మ వున్నచోట కింది పలక కనపడదు. అంతే సంగతి.

ఇప్పుడు మాస్కు. పై పొరలో కొంత భాగం వొద్దనుకో. రబ్బరుతో తుడవొచ్చు. తుడిస్తే పోయిందే, మళ్లీ రాదు. మాస్కు వేస్తే ఆ పొర పక్కన ఇంకో చిన్న తెల్ల పెట్టె పుడుద్ది. ఆ పెట్టెలో నల్ల కుంచెతో గీస్తే గీసినంత మేరా బొమ్మ దాక్కుంటది. తెల్ల కుంచెతో మళ్లీ గీస్తే బయటికొస్తది. బూడిదరంగుతో గీస్తే సగం కనపడీ కనపడనట్టు వుంటది. బొమ్మలో ఒక్క చుక్క కూడా చెడదు. అంటే మాస్కు ఎవరినీ చంపదు. దాస్తది. ఈ రెండిటికీ తేడా బాగా గుర్తుపెట్టుకోండి. మనకి అవసరం.

2004 ఎండాకాలం. ఒక ఆసామి కుటుంబం మిరప కల్లంలో ఫోటో దిగింది. ఆ యేడు పంట బాగా పండింది. ఎర్రటి రాశుల ముందు ఆలుమగలు, పిల్లలు, కొత్త ట్రాక్టరు. వెనక వేపచెట్టు. చెట్టు కింద ఏడుగురు కూలోళ్లు సద్దిమూటలు విప్పుకుని కూర్చుని వున్నారు. ఆయన ఫోటో చూసి అన్నాడు. “బాగానే వొచ్చింది గానీ, ఆ ఎనకోళ్లు ఎందుకు? తీసెయ్యండి. పెద్దది చేయించి హాల్లో పెట్టుకోవాల.” ఆయన పోయినాక మా ఓనరు నాతో అన్నాడు. “ఊరికే తీసేస్తే ఆడ బొక్క పడుద్ది. ఒక కొమ్మేసి కప్పెయ్ రా.”

అదే చెట్టుకి దగ్గర్నించి తీసిన ఇంకో ఫోటో వుంది. అందులోంచి కిందికి వాలిన కొమ్మ ఒకటి తీసుకుని కొత్త పొరగా పైన పెట్టాను. కొమ్మ చుట్టూ వున్న ఆకాశాన్ని మాస్కులో నలుపుతో దాచేశాను. కొమ్మ మిగిలింది. దాన్ని జరిపి జరిపి మనుషుల మీదికి తెచ్చాను. రెమ్మల సందుల్లోంచి ఎర్రకోక అంచు కనపడతంటే అక్కడ ఇంకో రెమ్మ వేశాను. ఏడుగురూ ఆకుల వెనక్కి పోవటానికి రెండు గంటలు పట్టింది. అది నా కూలి పని. మా అమ్మ వాళ్ల చేలల్లో మిరపకాయలు కోసింది, నేను వాళ్ల ఫోటోల్లో మనుషుల్ని కప్పాను. ఇద్దరికీ కూలి ఇచ్చారు. పొరలున్న ఫైలు పీఎస్‌డీగా దాచిపెట్టాను. జేపెగ్ చేసి ప్రింటుకి పంపాను.

ఇట్టాంటి పని ప్రపంచంలో పెద్ద పెద్దోళ్లు కూడా చేయించారు. రష్యాలో స్టాలిన్ పక్కన కాలవగట్టున నడిచిన యెజోవ్ అనే పోలీసు అధికారి ఫోటో ఒకటి వుంది. 1940లో ఆయన్ని కాల్చి చంపారు. తర్వాత ఫోటోలోంచి కూడా తీసేశారు. ఆయన నిలబడిన చోట కాలవ నీళ్లు పూశారు. అక్కడ నీళ్లు, ఇక్కడ ఆకులు. కాకపోతే యెజోవ్‌ని దాచటానికి ముందు చంపాల్సొచ్చింది. మావాళ్లని బతికుండగానే దాచొచ్చు. ఎవరూ అడగరు.

అడిగిన మనిషి ఒకామె వొచ్చింది. ఆ యేడే, వానాకాలం పోయినాక. స్టూడియో మెట్ల మీద చానాసేపు నిలబడి వుంది. లోపలికి రమ్మంటే చెప్పులు బయటే వొదిలి వొచ్చింది.

“అబ్బాయా, మొన్న ఎండాకాలం మా కల్లంలో మీ కెమెరాయన ఫోటో తీశాడు. అందులో నా కూతురు పడింది. నేను చూశా, కెమెరా మా దిక్కే వుంది. దాని బొమ్మ ఒకటి ఇస్తావా? డబ్బులిస్తా.”

“కూర్చో అక్కా. అమ్మాయి ఏం చేస్తంది?”

“జొరమొచ్చి పోయింది నాయనా. దానికింకో బొమ్మ లేదు.”

ఫైలు తెరిచాను. పొరల వరసలో ప్రతి పొర పక్కనా కన్ను గుర్తు ఒకటి వుంటది. కొమ్మ పొరకి వున్న కన్ను మీద నొక్కాను. కొమ్మ పోయింది. ఏడుగురూ అట్టాగే కూర్చుని వున్నారు. చివర్న పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల, చెంబెత్తి నీళ్లు తాగుతా మొకం ఇటు తిప్పింది. ఆమె తెర దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపించింది. మాట్లాడలేదు. ఆ పిల్ల వరకే కత్తిరించి, వెలుగు కొంచెం పెంచి, పోస్టుకార్డు సైజులో తీసిచ్చాను. ఆమె చానాసేపు చూసి అడిగింది.

“వాళ్ల హాల్లో పెట్టిన పెద్ద ఫోటోలో మేం లేం గదా. ఇప్పుడు యాడ్నించొచ్చాం?”

“మీరు ఆడనే వున్నారక్కా. పైన కొమ్మ కప్పాం, అంతే.”

“ఆరోజు కూడా మేం కొమ్మ కిందనే గదా కూర్చుంది” అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

హాల్లో వున్న ఫోటో నుంచి ఆ పిల్లని తియ్యటం ఎవరివల్లా కాదు. జేపెగ్ చేస్తే పొరలన్నీ అతుక్కుపోయి ఒకటే పలక అయిద్ది. కొమ్మ కింద ఎవరున్నారో ఆ పలకకే తెలవదు. మనకి బళ్లో చెప్పిన చరిత్ర కూడా ఇట్టా జేపెగ్ చేసి ఇచ్చిందే. పల్నాటి యుద్ధం గురించి మా ప్రాంతంలో గొప్పగా చెప్పుకుంటారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడంట, అన్ని కులాలూ ఒక చాప మీద కూర్చుని తిన్నారంట. మాల కన్నమదాసు సేనాపతంట. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు చేసి చాపకూడు పెడతారు. సంతోషం. పన్నెండో శతాబ్దంలో ఒక చాప మీద కూర్చున్నోళ్లు ఇరవయ్యో శతాబ్దానికి టీకొట్లో రెండు గ్లాసుల కాడికి ఎట్టా వొచ్చారు? మధ్యలో ఏ కొమ్మ వేశారు, ఎవరు వేశారు? ఆ పొరలున్న ఫైలు ఎవరి దగ్గర వుంది? చదువుకునే పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక రెండో సంగతి. 2012. అప్పటికి నేను స్టూడియో మానేసి సొంతంగా ఒక చిన్న కొట్టు పెట్టుకున్నాను. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు, ఆల్బమ్ డిజైన్లు. ఒక ఊరి గూడెం నుంచి నలుగురు కుర్రాళ్లు వొచ్చారు. ఊరి సెంటర్లో బస్సు ఆగేచోట పెద్ద వేపచెట్టుంది. దాని పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టాలని వీళ్లు అడుగుతున్నారు. పెద్దకులాలోళ్లు వొద్దని సూటిగా అనలేదు. చెట్టు అడ్డం పెట్టారు. “విగ్రహం పెడితే చెట్టు కొట్టెయ్యాల, వందేళ్ల చెట్టు, ఊరంతటికీ నీడ” అన్నారు. మనుషుల మీద లేని జాలి చెట్టు మీద పుట్టుకొచ్చింది.

“అన్నా, ఒక్క రెమ్మ కూడా కొట్టకుండా విగ్రహం పట్టుద్దని చూపించాల. అర్జీకి ఫోటో జతచేస్తాం. చేసిస్తావా?”

మీరు వయసులో చిన్నోళ్లయితే దీని బరువు తెలియకపోవచ్చు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన నేల ఇది. ఊరి నడిమధ్యన విగ్రహానికి ఆరడుగుల జాగా అడగటం ఉత్త మాట కాదు. అందుకే ఆ ఫోటోలో అబద్ధం వుండకూడదనుకున్నాను. అతుకు కనపడకూడదు, కొలత తప్పకూడదు.

పొద్దున ఎనిమిదింటికి పోయి చెట్టుని తీశాను. విగ్రహం పెట్టాలనుకున్న చోట ఒక కుర్రాణ్ణి నిలబెట్టి ఒకటి, వాడు లేకుండా ఒకటి. వాడి ఎత్తు తెలుసు కాబట్టి విగ్రహం ఎంతుండాలో లెక్క దొరికింది. విగ్రహం ఫోటో వేరే ఊళ్లో తీశాం. అదీ పొద్దున ఎనిమిదింటికే, ఎండ అదే వైపు నుంచి పడేట్టు. ఎండ ఒకవైపు, నీడ ఇంకోవైపు వుంటే చిన్నపిల్లోడు కూడా పట్టేస్తాడు.

విగ్రహాన్ని పై పొరగా పెడితే ఆకుల ముందుకొచ్చి నిలబడింది. దాన్ని ఆకుల వెనక్కి పంపాలి. ఆకు ఆకుకీ కుంచె పెట్టి గీస్తే వారం పడుద్ది. దానికో ఉపాయం వుంది. ప్రతి రంగు ఫోటో లోపలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానెళ్లు వుంటయ్యి. ఒక్కోటి విడిగా చూస్తే నలుపు తెలుపు ఫోటోలాగా వుంటది. ఆకాశం ముందు ఆకులుంటే నీలం చానెల్ చూడాలి. ఆకాశంలో నీలం ఎక్కువ కాబట్టి అది తెల్లగా మెరుస్తది. ఆకులో నీలం తక్కువ కాబట్టి అది నల్లబడుద్ది. ఆ చానెల్‌కి నకలు తీసి, లెవెల్స్‌లో నలుపుని ఇంకా నల్లగా, తెలుపుని ఇంకా తెల్లగా లాగితే ఆకు ఆకూ విడిపోద్ది. కంట్రోల్ మీట పట్టుకుని ఆ నకలు మీద నొక్కితే తెల్లభాగం ఎంపికవుద్ది. అప్పుడు విగ్రహం పొర మీదికి పోయి మాస్కు గుర్తు నొక్కితే, ఆకాశం వున్నచోట విగ్రహం కనపడుద్ది, ఆకు వున్నచోట దాక్కుంటది. మూడు చానెళ్లలో మన పని చేసిపెట్టేది నీలమేనని చెపితే కుర్రాళ్లు ఒకటే నవ్వు. “జై భీమ్ చానెల్ అన్నా అది” అన్నారు.

కింద సగానికి వెనక ఆకాశం లేదు, గోడలున్నయ్యి. అక్కడ నీలం పని చెయ్యదు. సన్న కుంచెతో రెమ్మ రెమ్మకీ నలుపు గీసుకుంటా పోయాను. పైన ఆకుల అంచులకి పాత ఆకాశం తాలూకు తెల్లగీత మిగిలింది. నీలం కోటు మీద ఆ తెల్లంచు కొట్టొచ్చినట్టు కనపడతంది. మాస్కులో తెలుపుని ఆకు అంచులోకి వెంట్రుకవాసి జరిపితే కోటు ఆ గీతని మింగేసింది. విగ్రహం కాస్త ఎడంగా జరపాల్సొచ్చింది. పొరకీ మాస్కుకీ మధ్య చిన్న గొలుసు గుర్తు వుంటది. గొలుసు వుంటే విగ్రహంతోపాటు ఆకుల ఆకారం కూడా జరిగి అంతా చెడుద్ది. గొలుసు తీసేశాను. విగ్రహం జరిగింది, ఆకులు వాటి చోటున అవి వున్నయ్యి. ఆఖర్న ఇంకో పొర మల్టిప్లైలో పెట్టి కోటు మీద ఆకుల నీడలు పల్చగా వేశాను.

కుర్రాళ్లలో ఒకడికి నచ్చలేదు. “అన్నా, ఎప్పుడూ మనల్ని ఎనక్కే గదా నెట్టింది. బాబాసాహెబ్‌ని కూడా ఆకుల ఎనక పెడతావా? ముందుకి తే.”

వాడి కోపం న్యాయమైందే. మాస్కు తీసేసి ముందు పెట్టి చూపించాను. అప్పుడు విగ్రహం ఎక్కడ్నించో తెచ్చి అంటించిన కాయితంలా వుంది. మళ్లీ మాస్కు వేశాను. మొకం మీద, చూపుడువేలు మీద, చేతిలో పుస్తకం మీద తెల్ల కుంచె తిప్పి ఒక్క ఆకు కూడా పడకుండా చూశాను. భుజం మీద రెండు రెమ్మలు, పీఠం మీద కొన్ని ఆకులు వుంచాను. అప్పుడు ఆయన ఆ చెట్టు కింద ఎన్నో ఏళ్లుగా నిలబడినట్టున్నాడు. వాడు కాసేపు చూసి అన్నాడు. “ఇప్పుడు మనూళ్లో వున్నట్టుందన్నా.”

కల్లంలో ఆకు వేసింది నేనే, ఇక్కడ ఆకు వేసింది నేనే. అదే నలుపు, అదే కుంచె. అక్కడ ఆకు మనుషుల్ని కప్పేసింది. ఇక్కడ ఆకు ఒక మనిషిని ఆ నేల మీద నిలబెట్టింది. ఆ చెట్టు నీడ నీ మీద కూడా పడాలి, దాని రెమ్మ నీ భుజానికి కూడా తగలాలి. అప్పుడే నువ్వు ఆ ఊరివాడివి. అందరి కంటే ముందుకొచ్చి నిలబడాలని గూడెం అడగలేదు. నీడలో చోటు అడిగింది.

అర్జీతోపాటు ఇచ్చిన ఫోటో ఎట్టా పోయిందో ఊళ్లోకి పోయింది. రాత్రికి రాత్రి విగ్రహం పెట్టేశారంట అని పుకారు లేచింది. తెల్లారకముందే కర్రలేసుకుని జనం సెంటర్‌కి వొచ్చారంట. చెట్టుంది, చెట్టు కింద కుక్కలు పడుకుని వున్నయ్యి. విగ్రహం లేదు. కుర్రాళ్లు ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వారు. లేని విగ్రహం కోసం కర్రలు తెచ్చినోళ్లు వున్న విగ్రహాన్ని ఏం చేసేవాళ్లో అనుకుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు.

సెంటర్లో జాగా ఇయ్యలేదు. రెండేళ్లకి గూడెం మొగదల సొంత చందాలతో విగ్రహం పెట్టుకున్నారు. 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. గూడెం నుంచి బస్సెక్కి పోయి చూసొచ్చారు. ఆ ఊరి వేపచెట్టు కింద ఆరడుగులకి ఇప్పటికీ జాగా లేదు. కానీ నేను చేసిన ఫోటో గూడెంలో చానా ఇళ్లల్లో లామినేషన్ చేయించి గోడకి పెట్టుకున్నారు. చుట్టాలొస్తే “ఇది మా ఊరి సెంటరు” అని చూపిస్తారు.

ఇప్పుడు ఈ పనికి ఇంత కష్టం అక్కర్లేదు. 2023లో ఫోటోషాప్‌లోకి జనరేటివ్ ఫిల్ వొచ్చింది. చుట్టూ గీత గీసి ఒక మాట రాస్తే మనిషి పోయి చెట్టొస్తది. ఫోన్లో వేలితో రుద్దితే వెనక నిలబడినోళ్లు మాయమైపోతారు. తీసేటోడికి రెండు గంటల కూలి కూడా ఇయ్యనక్కర్లేదు. ఎవరిని తీశామో గుర్తు కూడా వుండదు. అందుకే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెపుతున్నాను. మీటింగుల్లో, ధర్నాల్లో, పెళ్లిళ్లల్లో, చావుల్లో మనవాళ్లని ఫోటోలు తియ్యండి. తీసిన అసలు ఫైళ్లు చెరపొద్దు. ఎవరికి ఏ కాపీ ఇచ్చినా పొరలున్నది మీ దగ్గర వుంచుకోండి. ఈ పని నేర్చుకోండి. ఆ కల్లం ఫైలు నా దగ్గర ఇంకా వుంది. ఏడుగురూ వున్నారు. మిగతా ఆరుగురిలో ఎవరొచ్చి అడిగినా ఆ కన్ను మీద నొక్కి చూపిస్తాను.